మబ్బులు తుడిచే ఉద్యోగం

పొద్దున లేవగానే కిరణ్మయి చేసే మొదటి పని మెట్ల మీది మబ్బుల్ని పక్కకు జరపడం. చీపురుతో తోస్తే చిరిగి రెండవుతాయి. ఉత్త చేత్తో తోస్తే మోచేతి దాకా తడి. అందుకని పాత దిండు గలీబొకటి చేతికి తొడుక్కుని, ఒక్కోదాన్నీ గోడవారకు ఒత్తుకుంటూ కిందికి దిగుతుంది. వంటింట్లో కెటిల్ మీద కూర్చున్న దాన్ని లేపి టీకి నీళ్లు పెడుతుంది. టోస్టర్ మీద కూర్చున్న దాన్ని లేపదు. అది బరువైన రకం, కదిపితే కురుస్తుంది.

"మమ్! దేర్స్ వన్ ఆన్ మై పీఈ కిట్ అగైన్!" అని పైనుంచి లాస్య అరిచింది. ఆ పిల్ల ఇంగ్లండ్‌లోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లీషే వస్తుంది.

"పక్కకు తొయ్యవే!"

"ఇట్ వోంట్ మూవ్. ఇట్స్ ఫాస్ట్ అస్లీప్."

"హెయిర్ డ్రైయర్ పెట్టు!"

"దట్స్ సో మీన్, మమ్."

ఈలోగా భర్త జయకృష్ణ ఒక బూటు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అతను నార్తాంప్టన్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకు కంప్యూటర్లు చూస్తాడు. ఆ రోజు పై అధికార్ల ముందు ఏదో ప్రెజెంటేషన్ ఉంది.

"చూడు. నాచు. బూటులో నాచు మొలిచింది."

"పాదం పెడితే కనపడదులే, వేసుకో."

"మీ ఆఫీసు మబ్బుల్ని మీ ఆఫీసులోనే పెట్టుకోకూడదా?"

"ఆ మాటా అడిగాను. అక్కడ హాట్ డెస్కింగట. మనుషులకే కుర్చీల్లేవు, వాటినెక్కడ కూర్చోబెడతామన్నారు."

వాళ్లుండే మిల్టన్ కీన్స్ ఇళ్ల గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అది కొత్త ఊరు. రోడ్లు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి, గడిగడికీ బండ్లు చుట్టు తిరిగి పోయే రౌండెబౌట్ ఒకటి. ఇళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ గోడలు అప్పడాల్లా ఉంటాయి. బాత్రూం ఫ్యాను విమానం లేచినంత చప్పుడు చేస్తుంది, ఆవిరిని మాత్రం ఉన్నచోటే ఉంచుతుంది. అలాంటి ఇంట్లో మామూలుగా పప్పు ఉడికిస్తేనే కిటికీల మీంచి నీళ్లు కారతాయి. ఇక మబ్బులుంటే వేరే చెప్పాలా.

ఇంట్లో వాటిని చూసి సంతోషించే మనిషి ఒక్కరే, జయకృష్ణ తల్లి వెంకటరమణమ్మ. ఆమెది కదిరి దగ్గర ఒక పల్లె. వానాకాలమంతా ఆకాశం వంక చూసి చూసి మెడలు పట్టేసిన మనుషుల మధ్య పుట్టి పెరిగింది. పొద్దున్నే స్నానం చేసి, తన గది కిటికీ దగ్గర కూర్చుని, ఒడిలోకి వచ్చి వాలిన దాన్ని తువ్వాలుతో అద్దుతూ ఉంటుంది.

"ఏం పాపా, రేతిరి చలి పుట్టెనా?" అని అడుగుతుంది దాన్ని.

"అత్తయ్యా, వాటితో మాట్లాడకండి. అలవాటు పడతాయి," అంది కిరణ్మయి, టీ కప్పు ఆమె చేతికిస్తూ.

"పడనీలే. మా పక్క ఒక్క మబ్బు తేలితే ఊరు ఊరంతా ఈదిలోకొచ్చి నిలబడేది. నీకు ఇంటికే వచ్చినాయి. నువ్వేమో కసురుకుంటావు."

"మీకేం, చెప్తారు. బట్టలు ఆరేసేది నేను."

ఈ మబ్బులు ఎక్కడివంటే, కిరణ్మయి తుడిచేసినవే. ఆమె ఉద్యోగమే అది. ఉపగ్రహాలు ఆకాశం నుంచి నేలను ఫొటోలు తీస్తాయి గదా, ఆ ఫొటోలతో మ్యాపులు చేసి అమ్మే చిన్న కంపెనీ ఒకటి మిల్టన్ కీన్స్‌లో ఉంది. అందులో ఆమెకు అప్పజెప్పిన పని, ఫొటోలకు అడ్డం పడిన మబ్బుల్ని గుర్తుపట్టి తీసేసి, మబ్బు లేని రోజున తీసిన ముక్కను ఆ జాగాలో అతికించడం. ఏళ్లుగా నార్ఫోక్ పొలాల మీదా స్కాట్లండ్ మేత బీళ్ల మీదా మబ్బులు తుడిచింది. అవేవీ ఇంటికి రాలేదు. ఇక్కడి మబ్బులకు తీరిక ఉండదు, ఒక జిల్లా నుంచి తీసేస్తే ఇంకో జిల్లాకు పోయి అక్కడ కురుస్తాయి. ఫిబ్రవరిలో ఈక్వడార్ పని మొదలయ్యాకే చిక్కొచ్చింది. పగలు తుడిచిన మబ్బు సాయంత్రానికి తలుపుకుండే ఉత్తరాల రంధ్రంలోంచి ఇంట్లోకి దూరడం మొదలైంది. మొదటిది రాగానే జయకృష్ణ, "ఇదేంటి, పార్సిలా?" అన్నాడు. అంతే. తర్వాత అందరూ వాటి తడి గురించి మాట్లాడుకున్నారు తప్ప ఇంకేమీ అనుకోలేదు.

ఈక్వడార్ భూమధ్యరేఖ మీదుండే దేశం. ఆ పేరుకు అర్థమే భూమధ్యరేఖ. అయినా ఎండలు మండే దేశమనుకుంటే పొరపాటు, సగం దేశం కొండలు. చెట్లు కూడా ఎక్కలేనంత ఎత్తుకు వెళ్తే, నడుముల దాకా పెరిగే గడ్డి, ఆ గడ్డి కింద నాచు, నాచు కింద దూదిలాంటి నల్లమట్టి. అక్కడ వాన కన్నా మబ్బే ఎక్కువ. మబ్బు నేలకు ఆని నడుస్తుంటే గడ్డిపోచలు దాన్ని దువ్వి నీళ్లు రాబట్టుకుంటాయి. మట్టి ఆ నీళ్లను దాచుకుని, కొండ దిగువ ఊళ్లకు ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వదులుతుంది. కళ్లజోడు పెట్టుకున్నట్టుండే ఎలుగుబంట్లు, గోరంత కప్పలు, ఇంకెక్కడా కనపడని పువ్వులు, అన్నిటికీ ఆ తడే ఆధారం. ఆ కొండల్లో నీళ్లనూ జీవజాలాన్నీ కాపాడతామని ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. ఎలా కాపాడతారయ్యా అంటే, ఖాళీ నేల ఎక్కడుంటే అక్కడ చెట్లు నాటతారట. తొందరగా పెరిగే పైన్ చెట్లు. ఖాళీ నేల ఎక్కడుందో చెప్పాల్సింది కిరణ్మయి మ్యాపు.

ఆ కొండ దిగువ ఊళ్లో నీళ్ల సంఘం తరఫున మాట్లాడేది రోసా అనే బడి టీచరు. ప్రతి మంగళవారం, ఇక్కడ సాయంత్రం అక్కడ పొద్దున, కిరణ్మయితో వీడియోలో మాట్లాడుతుంది. ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడినా విసుగు మాత్రం తడుముకోకుండా వస్తుంది.

"మ్యాపు ఎప్పుడొస్తుంది?" అంది ఆ మంగళవారం కూడా.

"శుక్రవారం ఇచ్చేస్తాం."

"ఫిబ్రవరి నుంచి మా కొండ మీద మబ్బు పల్చబడింది. రాత్రంతా వదిలినా పొద్దుటికి తొట్టి నిండటం లేదు. మా ఆయన తమ్ముడు టౌనుకు వచ్చేయమంటున్నాడు. ఈ నెలాఖరుకు బడి సెలవులు. అప్పటికీ నీళ్లు ఇట్లాగే ఉంటే మేం దిగిపోతాం. మా వెనక ఇంకో పది ఇళ్లు దిగిపోతాయి. ఆ తర్వాత మీ మ్యాపు ఎవరికి?"

"చెట్లు నాటుతారు కదండీ. నీళ్లు పెరుగుతాయి," అంది కిరణ్మయి, ఆఫీసులో చెప్పమన్న మాట.

రోసా కెమెరా వంక ఒక నిమిషం చూసి, "సరే," అని పెట్టేసింది. మాట్లాడినంత సేపూ ఆమె వెనక కిటికీలో ఎండ ధగధగలాడింది. కిరణ్మయి వెనక, బీరువా మీద, మూడు మబ్బులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటిని చూసి రోసా ఏమీ అనలేదు. కిరణ్మయికీ ఏమీ తోచలేదు. మనిషి విసుగులో ఉన్నప్పుడు కళ్లెదుట ఉన్నదీ కనపడదు.

మర్నాడు ఇల్లు తనిఖీ చెయ్యడానికి అద్దె ఏజెన్సీ అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్లెట్టు. హాల్లో సోఫా నిండా పరుచుకున్న మబ్బును దాటుకుని వెళ్లి, దాని వెనక గోడ మీద నల్లటి మచ్చల్ని ఫొటో తీసుకుంది.

"ఇంట్లో బట్టలు ఆరేస్తారా?" అని అడిగింది.

"లేదండీ, అది మబ్బు వల్ల," అంది కిరణ్మయి.

"అవును, చూశాను. కానీ బట్టలు ఇంట్లో ఆరేస్తారా?"

"ఆరేస్తాం. బయట వానగా ఉంది కదా."

"అదే కారణం," అని రాసుకుంది. "వంట ఎక్కువ చేస్తారా? మూతలు పెట్టి చేస్తారా?"

"రోజూ చేస్తాం. తినాలి కదా."

"కిటికీలు రోజూ పదిహేను నిమిషాలు తెరవాలి. శుక్రవారం నేను రాను, సెలవు. గురువారం మధ్యాహ్నం మళ్లీ వస్తాను. అప్పటికి తేమ తగ్గకపోతే ఓనరు అగ్రిమెంటు రెన్యూ చెయ్యనన్నారు."

"గురువారమంటే రేపే!"

"అవును," అంది ఆ అమ్మాయి, తానేదో మంచి రోజు ఎంచి చెప్పినట్టు నవ్వుతూ. "డీహ్యుమిడిఫయర్ కొనుక్కోండి. అందరూ అదే చేస్తారు."

కొన్నారు. జయకృష్ణ ఆఫీసు నుంచి వస్తూ వస్తూ తెచ్చాడు. గాల్లో తేమను లాగి బకెట్టులోకి నింపే యంత్రం అది. హాల్లో పెట్టి స్విచ్చి వేయగానే సోఫా మీది మబ్బు ఒక మూల నుంచి సన్నని దారంలా దాంట్లోకి పోవడం మొదలుపెట్టింది. కిరణ్మయికి ప్రాణం లేచొచ్చింది. బకెట్టు నిండింది. సింకులో పారబోసింది. మళ్లీ నిండింది, మళ్లీ పారబోసింది.

వెంకటరమణమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముఖం కందగడ్డలా అయిపోయింది.

"ఏమే, నీళ్లు మోరీలో పోస్తాండావా?"

"మరి ఎక్కడ పొయ్యమంటారు అత్తయ్యా? పెరట్లో పోస్తే పెరడే చెరువవుతుంది."

"పోయాల్సిన చోట పొయ్యి."

"ఆ చోటేదో మీరే చెప్పండి! రేపు ఏజెంటు వస్తుంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటే లాస్య స్కూలు దగ్గర ఇంకో ఇల్లు మీరు వెతుకుతారా? నేనొక్కదాన్నే మనిషినా ఈ ఇంట్లో?"

ముసలావిడ తన గదిలోకి పోయి, తన మబ్బు పాపను ఒడిలో చీరకొంగుతో కప్పుకుని, తలుపేసుకుంది.

ఆ సాయంత్రమే, మంగళవారం కాకపోయినా, రోసా ఫోన్ చేసింది. ఈసారి కోపం కూడా లేదు గొంతులో. వాళ్ల మధ్యాహ్నం నుంచి, అంటే మిల్టన్ కీన్స్‌లో ఆ యంత్రం స్విచ్చి వేసిన వేళ నుంచి, కొండవాగు ఉన్నట్టుండి సన్నబడిపోయిందంది. తొట్టిలో చెంబుతో తోడితే మట్టి వస్తోంది. సెలవుల దాకా ఆగేది లేదు, ఈ ఆదివారమే బండి మాట్లాడుకున్నాం అని చెప్పింది.

కిరణ్మయి చేతిలో నిండిన బకెట్టు ఉంది. సింకు అంచు మీద ఆనించి ఉంది. ఆమె దాని వంక చూసింది. తర్వాత హాల్లోకి చూసింది, సోఫా మీద సగం చిక్కిపోయిన మబ్బు వైపు. మెల్లగా బకెట్టు కింద పెట్టి, పోయి యంత్రం ప్లగ్గు పీకింది.

"రోసా గారూ, ఆ చెట్లు నాటే చోట ఇప్పుడేముంది?"

"ఏముంటుంది? గడ్డి. మా గడ్డి."

"మా మ్యాపులో ఖాళీ నేల అని ఉంది."

"అదే నేనూ అడుగుదామనుకున్నాను. వాళ్లు వచ్చి గడ్డిలో కర్రలు పాతి వెళ్లారు. మాకు అర్థం కాలేదు."

కిరణ్మయి ఆ రాత్రి భోజనం సంగతి జయకృష్ణకు వదిలేసి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పొరపాటు దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. తన కంపెనీ అంతకుముందు అనంతపురం, కర్నూలు వైపు సోలార్ ప్యానెళ్లకు ఎండ భూముల మ్యాపులు చేసింది. అక్కడి తెల్లటి చౌడు నేల ఎండకు ఎంత మెరుస్తుందంటే, కంప్యూటర్ దాన్ని చూసి మబ్బనుకుంటుంది. అందుకని అప్పట్లో ఒక నియమం పెట్టారు. ఎప్పుడు చూసినా మబ్బే కనపడే చోటు నిజానికి మబ్బు కాదు, ఖాళీ నేల అని. కదిరి పక్కన ఆ నియమం భేషుగ్గా పనిచేసింది. దాన్నే ఎవరో ఎత్తుకొచ్చి ఈక్వడార్‌కు అతికించారు. ఆ కొండ మీద ఏడాదికి ఒక్కరోజైనా మబ్బు తొలగదు. అతికించడానికి మబ్బు లేని ముక్కే దొరకదు, కాబట్టి కంప్యూటర్ లెక్కలో అది అన్నిటికన్నా ఖాళీ అయిన నేల. పూర్వం దొరల కాలంలో సర్వే అమీన్లు గొర్రెలు మేసే బీళ్లన్నిటికీ బంజరని రాసి, తర్వాత ఎవడికి కావాలంటే వాడికి పట్టాలిచ్చారు. పద్ధతి పాతదే, పరికరాలు కొత్తవి.

పైన్ చెట్లు ఆ గడ్డిలో వేస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పుట్టిల్లు నూజివీడు దగ్గర. మామిడి తోటల పక్కన మెట్ట మీద జామాయిల్ వేసినప్పుడు పచ్చగా ఉందని ఊరంతా మురిసింది. తర్వాత బావుల్లో చేద తాళ్లకు ముడులు వేసుకుంటూ పోయారు.

గురువారం ఆమెకు ఇంటి నుంచి పని. పొద్దున్నే మేనేజరు నవదీప్‌కు ఫోన్ చేసింది. అతను కరీంనగర్ వాడు, మంచివాడే, ఒక్క డెడ్‌లైన్ విషయంలో తప్ప.

"ఏంది కిరణ్మయి గారు, రేపు క్లయింటు మీటింగ్ వెట్టుకొని ఇయ్యాల గిట్ల చెప్తే ఎట్ల?"

"అది ఖాళీ నేల కాదు నవదీప్ గారూ. గడ్డి ఉంది. నీళ్లిచ్చే గడ్డి. అందులో పైన్ వేస్తే ఉన్న నీళ్లు కూడా పోతాయి."

"గడ్డి ఉన్నట్టు ఒక్క ఫొటో చూపియ్యుండ్రి. ఇప్పుడే మార్పిస్త."

"ఫొటో ఎలా ఉంటుంది? ఎప్పుడూ మబ్బే కదా."

"మల్ల? ఫొటో లేకుంటే ప్రూఫ్ లేదు. ప్రూఫ్ లేకుంటే రూల్ ప్రకారం ఖాళీ."

"మబ్బే ప్రూఫండీ! అంత మబ్బు నిలబడిందంటే కింద నీళ్లున్నట్టే కదా!"

"మబ్బులు తీసెయ్యడానికే గదా మనకు పైసలిచ్చేది. మబ్బులున్న మ్యాపు ఎవడు తీస్కుంటడు, మీరే చెప్పుండ్రి. నాకు తల్కాయ నొస్తుంది. రేపు పదింటికి క్లీన్ మ్యాపు కావాలె."

ఫోన్ పెట్టేసి ఆమె తలెత్తింది. ఎదురుగా కర్టెన్ రాడ్డుకు ఒక మబ్బు వేలాడుతూ బొట్లు బొట్లుగా కార్పెట్ మీద కారుతోంది. మధ్యాహ్నం ఏజెంటు వస్తుంది. యంత్రం వేస్తే ఇల్లు నిలుస్తుంది, అక్కడ ఊరు ఎండుతుంది. వెయ్యకపోతే ఇల్లు పోతుంది. అలా అని ఊరేమన్నా నిలుస్తుందా, రేపు పైన్ చెట్లకు పచ్చజెండా ఊపేది ఆమె మ్యాపే. ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి తడి, ఇంకొకరికి పొడి. "ఛీ, ఏం బతుకమ్మా ఇది," అని, కసిగా, ఫిబ్రవరిలో మొట్టమొదట తుడిచిన మబ్బు ఫొటో తెరిచి, దాన్ని తీసిన చోటనే తిరిగి పెట్టేసింది.

కర్టెన్ రాడ్డు మీది మబ్బు లేచింది. ఒళ్లు విరుచుకున్నట్టు సాగి, నేలకు దిగి, ఉత్తరాల రంధ్రం మూతను కొద్దిగా ఎత్తుకుని బయటికి పోయింది. మూత టక్కుమని పడింది.

కిరణ్మయి రెండోదాన్ని పెట్టింది. టోస్టర్ మీది బరువైనది పోయింది. మూడోది, నాలుగోది. ఆ చప్పుడు విని వెంకటరమణమ్మ హాల్లోకి వచ్చింది. సంగతి కనిపెట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలో బియ్యం తీసి, పసుపు కలిపి, గుమ్మం దగ్గర నిలబడింది. పుట్టింటి నుంచి పోయే ఆడపిల్లకు ఒడిలో బియ్యం పోసి పంపడం వాళ్ల ఆనవాయితీ.

"అత్తయ్యా, ఇప్పుడు ఒడిబియ్యాలా? ఏజెంటు వచ్చే టైమైంది!"

"వచ్చిన బిడ్డను వట్టి చేతులతో పంపే కొంప కాదు ఇది. నువ్వు ఒకటొకటి మెల్లగ పంపు, పాపా. ఒక్కసారి తోల్తే ఎవుర్ని చూసుకునేది?"

ఒక్కో మబ్బూ గుమ్మం దగ్గర ఆగడం, ఆవిడ పిడికెడు బియ్యం దాని పొట్టలో పోసి తడిమి పంపడం. కార్పెట్ నిండా పసుపు బియ్యం. వాక్యూమ్ క్లీనర్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇల్లంతా తేలికపడుతూ వచ్చింది. చివరికి ఒక్కటే మిగిలింది, ఆవిడ ఒడిలో పడుకునేది.

"దాన్ని పెట్టకు," అంది వెంకటరమణమ్మ. "ఇది ఉంటాది."

"దానిది కూడా ఆ కొండే అత్తయ్యా. సరిగ్గా ఆ గడ్డి మీదిది."

"తెలుసు. రేపు పంపుదువులే. ఈ పొద్దుటికి ఉండనీ."

అంతలోనే బెల్లు మోగింది. ఏజెన్సీ అమ్మాయి గోడలకు చిన్న మీటరు ఆనించి చూసి, ఆశ్చర్యం లేకుండా, "చూశారా, మూతలు పెట్టి వండితే ఎంత తేడానో," అంది. అత్తగారి గది తలుపు తీసి చూస్తే, ముసలావిడ ఒడిలో శాలువా కింద ఏదో తెల్లగా కదులుతోంది.

"ఈ ఇంట్లో పెంపుడు జంతువులు ఉండకూడదు, తెలుసు కదా?" అంది.

"ఏమంటాది?" అంది వెంకటరమణమ్మ.

బడి నుంచి అప్పుడే వచ్చిన లాస్య అడ్డం వెళ్లి, "ఇట్స్ జస్ట్ విజిటింగ్. ఇట్స్ గోయింగ్ హోమ్ టుమారో," అంది. ఆ అమ్మాయి సరేనని ట్యాబ్లెట్టులో ఒక టిక్కు పెట్టి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున మబ్బును కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, వెంకటరమణమ్మ తానే బెల్టు పెట్టింది. రౌండెబౌట్ వచ్చిన ప్రతిసారీ అది ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి ఒరిగేది. ఆఫీసు పార్కింగుకు చేరేసరికి వెనక అద్దాలు మొత్తం చెమ్మగిల్లిపోయాయి. కిరణ్మయి దాన్ని చంకన పెట్టుకుని లిఫ్ట్ ఎక్కితే, పక్కన నిలబడ్డతను సాయంగా నాలుగో అంతస్తు బటన్ నొక్కి, "వెట్ వన్, ఈజ్ ఇట్?" అన్నాడు. అంతే.

మీటింగులో చెట్లు నాటే కంపెనీ తరఫున ప్రిచర్డ్ అనే పెద్దావిడ వచ్చింది. వయసు మళ్లిన మనిషి, తెగ తొందరలో ఉంది. మ్యాపు తెర మీదికి వచ్చింది. కొండలన్నీ రంగురంగులుగా ఉన్నాయి, నడినెత్తిన మాత్రం పెద్ద తెల్లటి అతుకులు. కింద ఆ రంగుకు కిరణ్మయి పెట్టిన పేరు, నీళ్లు.

నవదీప్ మొహం పాలిపోయింది. "కిరణ్మయి గారు, ఏంది గిది?" అని తెలుగులో గొణిగాడు. పెద్దావిడ వైపు తిరిగి ఇంగ్లీషులో, చిన్న టెక్నికల్ ఇష్యూ అన్నాడు.

"అక్కడ చెరువుందా?" అంది ప్రిచర్డ్.

"నేల మీద లేదు. కొంచెం పైన నిలబడి ఉంటుంది," అంది కిరణ్మయి.

"అర్థం కావడం లేదు. మాకు ఖాళీ నేల చూపిస్తామన్నారు."

ఆ మాటల్లో ఉండగా, కిరణ్మయి పక్క కుర్చీలోని మబ్బు బల్ల మీదికి పాకింది. పాకి పాకి ప్రిచర్డ్ టీ కప్పును కప్పేసింది. ఆవిడ మాట్లాడుతూనే కప్పు కోసం అందులోకి చెయ్యి పెట్టింది. కప్పు వెంటనే దొరకలేదు. ఇంకొంచెం లోపలికి పెట్టింది, మోచెయ్యి దాకా, ఆ తర్వాత భుజం దాకా. బల్లకు అంత లోతు ఉండదు. ఆవిడ మాట ఆగిపోయింది. ముఖం మీద, పిల్లలు తొట్టి అడుగున ఏదో తాకినప్పుడు కనపడే చూపు.

చెయ్యి బయటికి తీసింది. చొక్కా చేతి నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. వేళ్ల మధ్య, వేర్లతో సహా ఊడొచ్చిన పొడవాటి గడ్డిపోచలు, నల్లమట్టి.

ఆవిడ ఆ మట్టిని రెండు వేళ్లతో నలిపి, నీళ్లు పిండి, మళ్లీ నలిపింది. ఎంత పిండినా వస్తూనే ఉన్నాయి.

"ఇది ఖాళీ నేల కాదు," అంది చివరికి, విసుగ్గా, ఎవరో తన టైము వృథా చేసినట్టు. "ఇందులో చెట్లు ఎవరు నాటమన్నారు? ఈ తెల్లగా ఉన్నదంతా మా ప్లాను నుంచి తీసేయండి. ఆ పాతిన కర్రలు కూడా పీకించండి. ఒక టిష్యూ ఇస్తారా?"

నవదీప్ టిష్యూ డబ్బా మొత్తం ఇచ్చాడు. కిరణ్మయి కీబోర్డు దగ్గరికి జరిగి, ఆఖరి మబ్బును దాని చోట పెట్టింది. అది బల్ల మీంచి లేచి, కిటికీ సందులోంచి, మిల్టన్ కీన్స్ గోడౌన్ల మీదుగా, పడమటి దిక్కుకు పోయింది.

క్లయింటు వెళ్లాక నవదీప్ తల పట్టుకుని, "మంచిగనే అయింది గాని, నా గుండె ఆగేటట్టు చేసిండ్రు," అన్నాడు. సోమవారం నుంచి ఆమెను కార్ పార్కుల పనిలో వేశాడు. మిడ్లండ్స్‌లో గోడౌన్ల ముందు ఖాళీ గళ్లు ఎన్ని ఉన్నాయో గుర్తించాలి. చూసి చూసి కళ్లు కాయలు కాస్తాయి. ఇంట్లో, ఒడి ఖాళీ అయినప్పట్నుంచీ, వెంకటరమణమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. అన్నం తింటుంది, టీ తాగుతుంది, కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. జయకృష్ణకు మాత్రం చొక్కాలు కరకరలాడుతున్నాయని ఒకటే ఆనందం. ఆ ఆనందం చూస్తే కిరణ్మయికి ఒళ్లు మండేది.

కిరణ్మయిని మాత్రం ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ఆదివారం బండి మాట్లాడుకున్నామంది రోసా. వెళ్లారా, ఉన్నారా? ఇప్పుడు ఆ పని ఆమెది కాదు, అడిగే హక్కూ లేదు. అయినా మంగళవారం సాయంత్రం, వంటింట్లో నిలబడి, తన సొంత ఫోన్ నుంచి చేసింది.

చాలాసేపు మోగాక రోసా ఎత్తింది. తెరంతా తెల్లగా ఉంది, మనిషి ఆకారం లీలగా కనపడుతోంది. హోరుమని ఒకటే చప్పుడు.

"రోసా గారూ! ఎక్కడున్నారు? టౌనుకు వెళ్లిపోయారా?"

రోసా పెదవులు కదిలాయి. ఏమీ వినపడలేదు.

"వినపడటం లేదు! ఉన్నారా, వెళ్లారా?"

రోసా కూడా చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో అరిచింది. ఆ ముఖం చూస్తే ఆవిడకూ చిరాగ్గానే ఉన్నట్టుంది. ఫోన్ ఎక్కడో ఆనించి, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మళ్లీ తన పనిలో పడింది.

"కొంచెం అవతలికొచ్చి మాట్లాడొచ్చు కదా! అబ్బా, ఏం మనిషండీ!" అని కిరణ్మయి వాల్యూమ్ పెంచింది. ఇల్లంతా హోరు నిండిపోయింది.

గది తలుపు తెరుచుకుంది. వెంకటరమణమ్మ వచ్చి, కోడలితో మాట్లాడటం లేదన్న సంగతి మరిచిపోయి, "ఏందే ఆ సప్పుడు?" అంది.

"నీళ్లు అత్తయ్యా. వాళ్ల తొట్టి పొర్లిపోతోంది. ఆదివారం ఊరొదిలి పోతామన్నారు, పోయారో లేదో కనుక్కుందామంటే ఒక్క ముక్క వినపడదే!"

ముసలావిడ కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగింది. మసకలో రోసా ఒక పెద్ద బ్రష్షు పట్టుకుని, తొట్టి అంచుల మీది పాత మట్టి చారల్ని బలంగా రుద్దుతోంది.

"ఊరొదిలి పొయ్యేవాళ్లు తొట్టి తోముకుంటారా?" అంది వెంకటరమణమ్మ.

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫోన్ ఆపబోతున్న కోడలి చెయ్యి పట్టుకుని పక్కకు పెట్టింది.

"ఉండనీ. ఇంకొంచెం సేపు ఇననీ."